ఒకటో తరగతి లేని పిల్లలు

ఈ కథ ఎక్కడ ముగుస్తుందో ముందే చెప్పేస్తాను. దాచిపెట్టి ఊరించడానికి ఇందులో ఏమీ లేదు. 2022లో, వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, పల్లె పిల్లల చదువును కొలిచే ‘అసర్’ సర్వే కార్యకర్తలు తెలంగాణ పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగారు. మూడో తరగతి పిల్లల పక్కన కూర్చుని, రెండో తరగతి స్థాయి కథ ఒకటి చేతిలో పెట్టి చదవమన్నారు. అరపేజీ కూడా లేని కథ. సర్కారు బడి పిల్లల్నీ ప్రైవేటు బడి పిల్లల్నీ కలిపి లెక్క కడితే, చదవగలిగినవాళ్ళు నూటికి ఐదుగురు. నివేదికలో అచ్చయిన అంకె 5.2 శాతం. అంతకు నాలుగేళ్ళ ముందు, 2018లో, అదే తరగతి పిల్లల్లో 18.1 శాతం మంది చదివారు.

పద్దెనిమిది గొప్ప సంఖ్యేమీ కాదు, ఒప్పుకుంటాను. కరోనాకు ముందు మన బళ్ళు వెలిగిపోయేవని ఎవరైనా రాస్తే నమ్మకండి. కూలింది మేడ కాదు, పూరిల్లు. కానీ ఆ పిల్లలకు తలదాచుకోవడానికి ఉన్నది ఆ ఒక్కటే.

వేళ్ళ మీద వెనక్కి లెక్కపెట్టి చూడండి. 2022లో మూడో తరగతి అంటే, 2021లో రెండో తరగతి, 2020 జూన్‌లో ఒకటో తరగతి. ఐదేళ్ళు నిండి, కొత్త పలక కొనిపించుకుని, బడి గుమ్మం దాకా వచ్చి, తాళం చూసి వెనుదిరిగిన పిల్లలు వీళ్ళు. ఆ రెండేళ్ళలో దేశమంతా తరగతి గది నుంచి తెర ముందుకు మారిందని చెప్పుకుంటాం. అలవాటైన చదువు నుంచి అలవాటు లేని చదువుకు మారడానికి పెద్ద పిల్లలు పడ్డ పాట్లు పత్రికల్లో చదివాం, ఇళ్ళల్లో చూశాం. వీళ్ళు మారలేదు. మారడానికి వీళ్ళకు అసలు తరగతి గదే తెలియదు.

ఒకటో తరగతిలో ఏం జరుగుతుందో మనలో చాలామందికి గుర్తుండదు. అక్షరం వచ్చేశాక, అది రాని రోజు ఎలా ఉండేదో మనసుకు అందదు. కాబట్టి కాస్త ఆగి చూద్దాం.

పలక మీద టీచరు ‘అ’ రాస్తుంది. పిల్లవాడు బలపంతో దాని మీదే దిద్దుతాడు. మళ్ళీ దిద్దుతాడు. అక్షరం లావెక్కి, తెల్లగా పొడి రాలి, గీతలు గీతల్లో కలిసిపోయి, ఆఖరికి అది అక్షరమో ముద్దో తెలియకుండా పోతుంది. అరచేత్తో తుడిచేసి, పలక ముందుకు చాపుతాడు. టీచరు ఈసారి వాడి వెనక కూర్చుని, గుప్పెడంత ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని తిప్పుతుంది. ఇక్కడొక సంగతి ఉంది. మన అక్షరాలన్నీ గుండ్రనివి. రాసేసిన అక్షరాన్ని ఎంతసేపు చూసినా అది ఏ కొస నుంచి మొదలైందో తెలియదు. ఎక్కడ ఎత్తుకోవాలో, ఎటు తిప్పాలో, ఎక్కడ చెయ్యి ఆపకుండా పోవాలో కదిలే చెయ్యి మాత్రమే చెప్పగలదు. నల్లగొండ వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో చాలాకాలంగా చిన్న తరగతులకు చెబుతున్న టీచరమ్మ ఒకామె నాకు తెలుసు. ‘‘ఒకటో తరగతిల చెప్పుడు సగమే సార్, సగం చెయ్యి పట్టుడే’’ అంటుందామె.

ఇంకా ఉంది. వరసలో కూర్చోవడం, ఒంటికి వస్తే అడిగి వెళ్ళడం, పక్కవాడి బలపం వాడికిచ్చేయడం, మధ్యాహ్నం అన్నం పళ్ళెం కడుక్కుని బోర్లించడం. జూన్‌లో అమ్మ కొంగు పట్టుకుని ఏడ్చిన పిల్ల, బతుకమ్మ నాటికి ఇంటికి పొమ్మన్నా పోదు. గుణింతం అందరూ కలిసి గొంతెత్తి పాడుతుంటే, రానివాడు కూడా పెదవులు కదుపుతాడు. అలా కదుపుతూ కదుపుతూ ఒకనాడు వాడికీ వచ్చేస్తుంది. ఏనాడు వచ్చిందో వాడికీ తెలియదు, టీచరుకూ తెలియదు. గోడ మీద ఎరువుల ప్రకటనను కూడబలుక్కుని చదివిన సాయంత్రం ఇంట్లో అందరికీ తెలుస్తుంది.

ఇదంతా ఆగిపోయింది.

2020 మార్చి 16న తెలంగాణలో బళ్ళు మూశారు. మొదట నెలాఖరు దాకా అన్నారు. అనుకోకుండా దొరికిన సెలవులకు పిల్లలు సంబరపడ్డారు. మార్చి 24 రాత్రి దేశమే మూతబడింది. ఈ మూత మీద నాకు ఫిర్యాదు లేదు. ఏమిటో తెలియని జబ్బు, ఎవరికి ఎలా సోకుతుందో తెలియని రోజులు. ఇంట్లో ముసలివాళ్ళున్న ప్రతి తల్లీ ఆ తాళాన్ని చూసి ఊపిరి పీల్చుకుంది. ఆనాటి నిర్ణయాలను ఈనాటి తెలివితో తూచడం న్యాయం కాదు. కానీ ఆ తాళం చిన్న తరగతులకు మళ్ళీ తెరుచుకున్నది 2021 సెప్టెంబరు 1న. మధ్యలో పదిహేడున్నర నెలలు గడిచాయి. ఆ నెలలన్నీ ఒక్కలాంటివి కావు. వాటిలో భయపడాల్సిన నెలలున్నాయి, భయపడనక్కర్లేని నెలలూ ఉన్నాయి. నా దుఃఖమంతా ఆ రెండో రకం నెలల గురించే.

2020 మే 6న మద్యం దుకాణాలు తెరిచారు. జూన్ 8న గుళ్ళు తెరిచారు. జూన్ 12 మామూలుగా బళ్ళు తెరిచే రోజు. ఏటా ఆ వారంలో ‘బడిబాట’ అంటూ పంతుళ్ళు ఇళ్ళ ముందుకొచ్చి, ఐదేళ్ళు నిండిన పిల్లల పేర్లు రాసుకుపోయేవారు. ఆ ఏడు డప్పు లేదు, ఊరేగింపు లేదు. పేర్లు మాత్రం రిజిస్టర్లలోకి ఎక్కాయి. పిల్లలు ఎక్కలేదు.

ఆగస్టు చివర్లో ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్ ఛానళ్ళలో డిజిటల్ పాఠాలు వస్తాయని. అప్పటికి అది మంచి కబురు. నెట్ లేకపోయినా టీవీ ఉన్న ఇల్లు ఎక్కువ కదా. పాఠాలు ఎవరెవరికి? మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా.

ఒకటీ రెండూ అందులో లేవు.

కారణం లేకపోలేదు. అంత చిన్నపిల్లల్ని తెర ముందు కూర్చోబెట్టకూడదన్న ఆలోచన దేశమంతా ఉంది. కేంద్రం ఆ జూలైలో విడుదల చేసిన ‘ప్రజ్ఞాత’ మార్గదర్శకాలు కూడా, పిల్లలు ఎంత చిన్నవాళ్ళయితే తెర సమయం అంత తగ్గాలన్నాయి. సరైన మాటే. ఆరేళ్ళ పిల్ల టీవీలో ‘అ’ చూసి ‘అ’ నేర్చుకోలేదు, ఆమె చెయ్యి పట్టడానికి టీవీకి చెయ్యి లేదు. అయితే ఆ మాటకు కొనసాగింపు ఉండాలి కదా. తెర పనికిరాదు సరే, మరి ఏది పనికొస్తుంది? ఆ రెండో ప్రశ్న దగ్గర ఉత్తర్వు ముగిసిపోయింది. పెద్ద తరగతులకు చాలీచాలని పాఠమైనా దక్కింది. చిన్న తరగతులకు వాళ్ళ క్షేమం దక్కింది, అంతే.

ఇక్కడే కథ మలుపు తిరిగి ఉండవచ్చు. ఎందుకంటే ఆగస్టు 27 నుంచి టీచర్లు బడికి వస్తున్నారు. ప్రాథమిక పాఠశాల అంటే ఏమిటి? చాలా ఊళ్ళలో రెండు గదులు, ఒకరో ఇద్దరో టీచర్లు, ఇరవై ముప్పై మంది పిల్లలు. ఒకటో తరగతిలో ఐదారుగురు ఉంటే గొప్ప. బళ్ళో కుర్చీలో టీచరుంది. బడి గోడ అవతల వీధిలో ఆ ఐదారుగురూ గోలీలాడుతున్నారు, కలిసే ఆడుతున్నారు, ఒకరి మీద ఒకరు పడి ఆడుతున్నారు. వాళ్ళను వేపచెట్టు కింద దూరదూరంగా కూర్చోబెట్టి రోజుకో గంట దిద్దిస్తే వచ్చే ప్రమాదం, వాళ్ళు వీధిలో ఆడుకుంటే వచ్చే ప్రమాదం కన్నా ఎక్కువేమీ కాదు. కొందరు టీచర్లు ఆ పని చేశారు కూడా. చాటుగా చేశారు. పైవాళ్ళు అడిగితే ఏం చెప్పాలో ముందే అనుకుని మరీ చేశారు. పశ్చిమ బెంగాల్‌లో, పశ్చిమ బర్ధమాన్ జిల్లాలోని ఒక ఆదివాసీ పల్లెలో, దీప్ నారాయణ్ నాయక్ అనే ఉపాధ్యాయుడు మట్టి ఇళ్ళ గోడలకు నల్లరంగు పూసి, ఇంటికొక బల్ల చేసి, వీధినే బడి చేశాడు. తర్వాత అంతర్జాతీయంగా పేరొచ్చింది. మన దగ్గర అలాంటి పని చేసినవాళ్ళకు పేరు రాలేదు సరే, కనీసం చేయండి అని ఒక్క ఉత్తర్వయినా రాలేదు.

చెట్టు కింద చెప్పగలిగినవాళ్ళు మరికొందరు ఉండేవారు. విద్యా వలంటీర్లు. నెలకు 12 వేల రూపాయలకు, పోస్టులు ఖాళీగా ఉన్న బళ్ళలో, రెగ్యులర్ టీచర్లు వెళ్ళని మారుమూల తండాల్లో పనిచేసినవాళ్ళు. చాలామంది ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. ఏ ఇంట్లో ఎవరున్నారో తెలిసినవాళ్ళు. 2020లో బళ్ళు తెరవలేదు కనుక వాళ్ళను తిరిగి తీసుకోలేదు. బడి తాళం పడ్డ ఊళ్ళోనే పంతులు ఉపాధి హామీ పనికి గడ్డపార పట్టుకుపోవడం ఆ వేసవిలో వింతేమీ కాదు. పంతులున్నాడు, పిల్లలున్నారు, చెట్టుంది, పలకుంది. కలిపేవాళ్ళు లేరు.

ఇళ్ళ సంగతి చూద్దాం. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో కంప్యూటర్ ఉన్న గ్రామీణ కుటుంబాలు 4.4 శాతం, ఇంటర్నెట్ ఉన్నవి 14.9 శాతం. కరోనా వచ్చాక జనం అప్పు చేసి ఫోన్లు కొన్నారు. 2020 సెప్టెంబరు నాటికి బడిలో పేరున్న పల్లె పిల్లల్లో 61.8 శాతం మంది ఇళ్ళకు స్మార్ట్‌ఫోన్ వచ్చిందని అసర్ చెప్పింది. అంకె చూస్తే ధైర్యం వస్తుంది. ఇంట్లోకి వెళ్ళి చూస్తే పోతుంది.

‘‘ఫోన్ ఆయన పట్కపోతడు మేడం. పొద్దుగూకినంక వస్తడు’’ అన్నది ఆ టీచరమ్మకు తల్లులు చెప్పిన జవాబు. సాయంత్రం ఏడింటికి ఫోన్ ఇంటికొస్తుంది. అప్పుడది పదో తరగతి అన్నయ్యది. వాడికి పరీక్ష ఉంది మరి. వాడి తర్వాత ఏడో తరగతి అక్కది. ఆమె వర్క్‌షీట్ ఫొటో తీసి గ్రూపులో పెట్టాలి. డేటా అయిపోయేలోపు, చార్జింగ్ అయిపోయేలోపు, నాన్నకు మేస్త్రీ దగ్గర్నుంచి ఫోన్ వచ్చేలోపు అయిపోవాలి. అందరికన్నా చిన్నవాడు అక్క భుజం మీదుగా వంగి చూస్తాడు. పొద్దున టీవీలో ఏడో తరగతి పాఠం వస్తుంటే అక్క పక్కన చేరి అదీ చూస్తాడు. వాడికి పాఠం లేదు. ఎవరి పాఠం దొరికితే అది వాడి పాఠం. పాఠం అయ్యాక టీవీ కట్టేసి అక్క పత్తి ఏరడానికి పోతుంది, వాడు వెంట పోతాడు.

ప్రైవేటు బళ్ళ చిన్నపిల్లలకు జూమ్ ఉంది కదా అనవచ్చు. ఉంది. తెర మీద ముప్పై చిన్న గళ్ళు, గడికొక ముఖం. ‘‘మ్యూట్ చేసుకోండి, మమ్మీని పిలవండి’’ అనడంలోనే సగం సమయం. హోంవర్క్ రాసి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాలి. పిల్ల నిద్రపోయింది, రాత్రి తొమ్మిదయింది, పంపకపోతే మేడం అడుగుతుంది. తల్లి ఎడమచేత్తో, వంకరటింకరగా, తానే రాసి పంపేది. టీచరుకూ ఆ సంగతి తెలుసు. గుడ్ అని ఒక బొమ్మ పెట్టేది. ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. అలసిపోయారు, అంతే.

కొన్నాళ్ళకు ఆ గళ్ళు కూడా ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఫీజు కట్టలేని ఇల్లు లింకు తీసుకోవడం మానేసింది. ఫీజులు రాని బడి జీతం ఇవ్వడం మానేసింది. చిన్న పట్టణాల్లో, నెలకు ఐదారు వందల ఫీజుతో నడిచే బళ్ళ టీచర్లు కూరగాయలమ్మారు, టిఫిన్ బండ్లు పెట్టారు. 2021 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రైవేటు టీచర్లకు, సిబ్బందికి నెలకు రెండు వేల రూపాయలు, పాతిక కిలోల బియ్యం ప్రకటించారు. రేషన్ షాపు ముందు బియ్యం సంచి కోసం నిలబడిన వరసలో సారు ముందు, ఆయన పాత విద్యార్థి తండ్రి వెనక. ఆ వరస గురించి ఎక్కువ రాయలేను.

ఇక తండాలు, గూడేలు. తెలుగు ఇంటి పిల్లవాడికి బడి లేకపోతే అక్షరం పోతుంది, భాష మిగులుతుంది. లంబాడీ ఇంట్లో, గోండు ఇంట్లో, కొలాం ఇంట్లో పుట్టిన పిల్లకు ఇంటి భాష వేరు. తెలుగు ఆమెకు బళ్ళో దొరుకుతుంది. టీచరు ‘రా, కూర్చో, నీళ్ళు తాగు’ అంటుంటే, పక్కపిల్ల నవ్వుతూ చెబుతుంటే, ఒకటో తరగతి ఏడాదంతా చెవిలో పడీ పడీ వస్తుంది. పాఠం తర్వాతి సంగతి. అక్షరంతోపాటు, ఆ అక్షరం ఏ భాషదో ఆ భాష కూడా పోయిన పిల్లలు వీళ్ళు. ఉట్నూరు వైపు కొండల మీద సిగ్నల్ కోసం చెట్లెక్కిన పెద్ద పిల్లల ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. చెట్టెక్కే వయసు కూడా లేనివాళ్ళకు ఫొటో ఎలా వస్తుంది?

2020 నవంబరు 3న దుబ్బాకలో ఉప ఎన్నిక జరిగింది. డిసెంబరు 1న హైదరాబాద్ నగరపాలక ఎన్నికలు. పోలింగ్ కేంద్రాలు ఎక్కడ పెట్టారో చెప్పనక్కర్లేదు, ఎప్పుడూ పెట్టేచోటే. బడి గదులు ఊడ్చారు, నేల మీద వృత్తాలు గీశారు, శానిటైజర్ సీసాలు పెట్టారు, దూరం పాటించే ఏర్పాట్లు చేశారు. చేయాలనుకుంటే చేయగలమని రుజువైంది. సాయంత్రానికి పెట్టెలు వెళ్ళిపోయాయి. మళ్ళీ తాళం వేశారు. ఓటు లేనివాళ్ళ కోసం ఆ వృత్తాలు ఇంకో రోజు ఉంచవచ్చునని ఎవరికీ తోచలేదు.

2021 ఫిబ్రవరి. మొదటి అల వెనక్కి పోయింది. 1వ తేదీన తొమ్మిది, పది తరగతులు తెరిచారు. 24న ఆరు, ఏడు, ఎనిమిది. ఇక ఐదు దాకా తెరుస్తారని ప్రాథమిక బళ్ళ టీచర్లు గదులు కడిగించుకుని ఎదురుచూశారు. పొరుగున ఆంధ్రప్రదేశ్ ఆ ఫిబ్రవరి 1నే ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లల్ని పిలిచింది. అక్కడ ఏప్రిల్‌లో మళ్ళీ మూసేదాకా దాదాపు రెండున్నర నెలలు దక్కాయి. అంతమాత్రాన అక్కడ గండం తప్పిందనడం లేదు. మూడో తరగతిలో కథ చదివేవాళ్ళు అక్కడా 22.6 నుంచి 10.3 శాతానికి జారారు. అయినా రెండున్నర నెలలంటే ఆరేళ్ళ పిల్లకు అచ్చులు, హల్లులు, తలకట్టు, దీర్ఘం. తన పేరు తాను రాసుకునేంత. మన దగ్గర పిలుపు రాలేదు. మార్చి 24న, తెరిచినవాటినీ మూసేశారు.

తర్వాత వచ్చిన రెండో అల గురించి తెలియనివాళ్ళు లేరు. ఆ ఏప్రిల్, మే నెలల్లో బడి గురించి ఎవరూ ఆలోచించలేదు, ఆలోచించాల్సిందీ కాదు. ఆక్సిజన్ సిలిండర్ కోసం పరుగెత్తినవాళ్ళలో టీచర్లున్నారు, పోయినవాళ్ళలోనూ ఉన్నారు. పిల్లల్లో కొందరికి అమ్మ లేదు, కొందరికి నాన్న లేడు. వాళ్ళ ముందు అక్షరం ఊసెత్తడానికి నోరు రాదు.

జూలైలో కొత్త విద్యా సంవత్సరం మొదలైంది, మళ్ళీ టీవీలోనే. ఈసారీ మూడో తరగతి నుంచే. మన పిల్లలు రెండో తరగతికి వచ్చినా, ఆ హద్దు ఇంకా వాళ్ళ ముందే నిలబడింది. 2020లో పదో తరగతి పరీక్షలు రద్దు చేసి అందరినీ గట్టెక్కించారు. 2021లోనూ అంతే. టీవీల్లో చర్చలు, కోర్టుల్లో కేసులు, తల్లిదండ్రుల ఆందోళన. ఒకటో తరగతికి రద్దు చేయడానికి పరీక్ష కూడా లేదు. చప్పుడు లేకుండా పైకి పంపేశారు.

సెప్టెంబరు 1న తలుపులు తెరుచుకున్నాయి. ఆ ఉదయం గురించి టీచరమ్మ చెప్పింది. మాస్కులు గడ్డం కిందికి జారిపోయిన పిల్లలు, సగంమందికి చెప్పుల్లేవు, ఒకరిద్దరు గుమ్మం దగ్గరే ఏడుపు. ఎత్తు చూస్తే రెండో తరగతి, కళ్ళు చూస్తే మొదటి రోజు. పెన్సిల్ ఇస్తే ఒక పిల్లవాడు పిడికిలి బిగించి, పార పట్టినట్టు పట్టుకున్నాడట. ఏడేళ్ళవాడు. ఇంటి పనులన్నీ వచ్చు వాడికి. గొర్రెల్ని అదిలిస్తాడు, పొయ్యి ఊదుతాడు, చెల్లెల్ని ఎత్తుకుంటాడు. పెన్సిల్ పట్టడం ఒక్కటి రాదు. రిజిస్టర్‌లో రెండో తరగతి, బల్ల మీద రెండో తరగతి పుస్తకం. ఆ పుస్తకం తెరిస్తే ఒత్తులు. ‘‘అమ్మ అంటె ఒత్తే గద సార్. వీళ్ళకు ‘అ’ వస్తె గద ఒత్తు దాకా పోతం’’ అంది.

ఆమె తనకు చేతనైనంత చేసింది. పొద్దున గంట ముందు వచ్చి పలకలు దిద్దించింది. జనవరి వచ్చేసరికి కొందరికి అక్షరాలు కుదురుతున్నాయి. అప్పుడు ఒమిక్రాన్. సంక్రాంతి సెలవులు జనవరి 8 నుంచే ఇచ్చారు, నెలాఖరు దాకా పొడిగించారు. ఫిబ్రవరి 1న తిరిగొచ్చేసరికి మళ్ళీ సగం చెరిగిపోయింది.

2022 జూన్‌లో మూడో తరగతికి వచ్చారు. సరిగ్గా ఆ ఏడే రాష్ట్రంలోని ప్రభుత్వ బళ్ళన్నింటిలో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం మొదలైంది. తల్లిదండ్రులు ఏళ్ళుగా కోరుకున్నదే. తప్పుపట్టను. కానీ ఆ కొత్త పుస్తకాన్ని ఈ పిల్లల ఒడిలో పెట్టి చూడండి. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. రెండింటిలో ఏదో ఒకటి అర్థమవుతుందని అలా వేశారు. ఈ పిల్లలకు రెండు పేజీలూ ఒకటే.

ఆగస్టు 15న ‘తొలిమెట్టు’ మొదలైంది. ప్రాథమిక తరగతుల్లో చదవడం, రాయడం, లెక్కలు మొదటినుంచీ గట్టిపరచడానికి. మంచి పేరు, మంచి ఉద్దేశం. అది 2021 సెప్టెంబరులో మొదలై ఉంటే? తమిళనాడులో 2021 అక్టోబరులోనే ‘ఇల్లం తేడి కల్వి’ అని, సాయంత్రం పూట వలంటీర్లు పిల్లల ఇళ్ళ దగ్గరే చదువు చెప్పే పథకం పెట్టారు. బళ్ళు తెరిచిన ఆరు నెలల్లో, అక్కడి పల్లె పిల్లలు పోగొట్టుకున్నదాంట్లో మూడింట రెండొంతులు తిరిగి సంపాదించుకున్నారని అభిజీత్ సింగ్, మౌరిసియో రొమెరో, కార్తీక్ మురళీధరన్ చేసిన అధ్యయనం చెప్పింది. అక్కడా అంతా చక్కబడలేదు. కానీ వెంటనే పట్టుకుంటే పోయింది తిరిగొస్తుందని తేలింది. మనం పట్టుకోవడానికి దాదాపు ఏడాది పట్టింది.

తొలిమెట్టు మొదలైన కొద్ది వారాలకే సర్వే వాళ్ళు వచ్చారు. వాకిట్లో చాప. పక్కన పళ్ళెంలో తిని వదిలేసిన అటుకులు. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. తన పిల్ల చదువుతుందనే ఆమె నమ్మకం. మూడో తరగతి మరి. కాగితం మీద కథ ఉంది, తేలిక వాక్యాలున్నాయి, మాటలున్నాయి, అక్షరాలున్నాయి. వాక్యాలు రాకపోతే మాటలు చూపిస్తారు, మాటలు రాకపోతే అక్షరాలు. పిల్ల తల ఎత్తకుండా వేలు పెడుతుంది. కార్యకర్త మెల్లగా ఇంకో మెట్టు కిందికి చూపిస్తాడు. ‘‘ఇది చెప్తావా బిడ్డా?’’ ఇంకా కిందికి. ఇలా దేశంలో 19,060 పల్లెల్లో, ఏడు లక్షల దాకా పిల్లల దగ్గర కూర్చున్నారు. దేశం మొత్తం మీద మూడో తరగతిలో కథ చదివేవాళ్ళు 27.3 నుంచి 20.5 శాతానికి తగ్గారు. దేశం ఏడు మెట్లు జారితే మనం పదమూడు జారాం. 2023 జనవరిలో నివేదిక వచ్చింది. పత్రికలు రెండు రోజులు రాశాయి.

దేశం తర్వాత కోలుకుంది. 2024లో అదే అసర్ లెక్కలో 27.1 శాతానికి చేరింది. కానీ ఆ 27.1, ఆ ఏటి మూడో తరగతి పిల్లలది. 2020లో పసివాళ్ళుగా ఉండి, తర్వాత తెరిచిన బడికి వచ్చినవాళ్ళది. అంకె తిరిగి లేచి నిలబడింది. అంకె కిందపడినప్పుడు దాని కింద ఉన్న పిల్లలు అప్పటికే ఐదో తరగతికి వెళ్ళిపోయారు. 

2025 జూన్‌లో వాళ్ళు ఆరో తరగతికి, హైస్కూలుకు వచ్చారు. టీచరమ్మ భర్త అలాంటి ఒక హైస్కూల్లో తెలుగు సారు. చూచిరాత రాయిస్తుంటే ఒక పిల్లవాడి చెయ్యి దగ్గర ఆయన చూపు ఆగిపోయిందట. కాగితం మీద అక్షరం చక్కగానే ఉంది. కానీ వాడు ‘అ’ను చివరి నుంచి మొదలుపెట్టి వెనక్కి గీస్తున్నాడు. రాయడం లేదు, చూసి బొమ్మ వేస్తున్నాడు.

‘‘ఎవరు నేర్పిండ్రురా?’’

‘‘ఎవరు నేర్పలే సార్. మా అక్క నోటు జూసి నేర్సుకున్న.’’

ఒక్కో అక్షరం అలా బొమ్మగా వేస్తూ పోతే బోర్డు మీది మూడు వాక్యాలు ఎక్కించుకునేసరికి పీరియడ్ అయిపోతుంది. తర్వాతి పీరియడ్ సైన్సు సారు వచ్చి బోర్డు తుడుస్తారు. ఆ తరగతిలో అలాంటివాళ్ళు వీడొక్కడే కాదు. పిల్లవాడి పక్కన కూర్చుని చెయ్యి పట్టి దిద్దించాలని తెలుగు సారుకు అనిపించింది. పదకొండేళ్ళ పిల్లవాడు, మీసాల ఊహ వచ్చే వయసు, నలభై మంది చూస్తుండగా సిగ్గుతో చచ్చిపోతాడని ఊరుకున్నాడు. మధ్యాహ్నం భోజనాల వేళ స్టాఫ్ రూముకు రమ్మన్నాడు. రెండు రోజులు వచ్చాడట. మూడో రోజు నుంచి ఆ వేళకు గ్రౌండులో ఎటో కనబడకుండా పోయాడు.

క్రమం తప్పకపోతే ఈ పిల్లలు 2030 మార్చిలో పదో తరగతి పరీక్ష రాస్తారు. రాసేవాళ్ళెందరో, ఆలోపే పత్తి చేలకో, మెకానిక్ షెడ్డుకో, హైదరాబాదులో సెంట్రింగు పనికో వెళ్ళిపోయేవాళ్ళెందరో. బడి మానేసినవాళ్ళ లెక్క తీసేవాళ్ళు అప్పుడూ వస్తారు. వాళ్ళ ఫారంలో కారణం రాసే గడి ఒకటి ఉంటుంది. అందులో ఎప్పటినుంచో అచ్చయి ఉన్న జవాబు ఒకటుంది, చదువు మీద ఆసక్తి లేక అని.